ఖడ్కీ లాంటి సైనిక పునరావాస కేంద్రం మా దగ్గరా కావాలి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి నమస్కారం.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. ఇంటికొకరు సైన్యంలోకి వెళ్తారని పేరుపడ్డ మిలిటరీ మాధవరం మాకు దగ్గరే. కొండదారిలో సైనిక కాన్వాయ్ బండి లోయలో పడి మా ఆయన వెన్నుపూస విరిగింది. నడుం కింద స్పర్శ లేదు. పెన్షన్ వస్తోంది, మాజీ సైనికుల వైద్యానికిచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంది. వాటి గురించి నాకు ఫిర్యాదు లేదు.

నేను రాసేది రాత్రుళ్ల గురించి. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పాలి. నాకు నిద్ర పట్టేసిందా, తెల్లారేసరికి చర్మం ఎర్రబడి ఉంటుంది, ఆనక పుండవుతుంది. ఆయనకు నొప్పి తెలీదు, నేను చూస్తేనే తెలిసేది. మొదటి ఏడాది ఇది నాకెవరూ చెప్పలేదు. ఎముక కనపడేంత పుండు పడ్డాక నేర్చుకున్నాను.

మిగతాదంతా నేర్పింది పుణె దగ్గర ఖడ్కీలో, 1974 నుంచి నడుస్తున్న పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్, అంటే వెన్ను దెబ్బతిని ఒళ్లు చచ్చుబడిన సైనికుల పునరావాస కేంద్రం. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి తనంతట తాను మారడం ఆయన నేర్చుకున్నారు, మూత్రం గొట్టం (క్యాథెటర్) శుభ్రంగా మార్చడం నేను నేర్చుకున్నాను. చేతులు కూడా ఆడని జవాన్లు నోటితో కుంచె పట్టి బొమ్మలు వేస్తుంటే ఆయన చాలాసేపు చూశారు. దెబ్బ తగిలాక మొదటిసారి, ఆ రాత్రి మారు అన్నం అడిగారు.

మొహాలీలో అలాంటిదే ఇంకొకటి ఉంది. మా వైపు లేదు. ఖడ్కీ అంటే మాకు దాదాపు రోజంతా రైలు. బోగీ తలుపులో వీల్‌చైర్ పట్టదు. ఇద్దరు పోర్టర్లు ఆయన్ని మోస్తుంటే మూత్రం సంచి పట్టుకుని నేను వెనక నడుస్తాను. ఆయన కళ్లు మూసుకుంటారు.

సికింద్రాబాద్ తిరుమలగిరిలో మిలిటరీ ఆసుపత్రి ఉంది. దానికి దగ్గర్లో అలాంటి కేంద్రం ఒకటి పెట్టించండి. భార్యలు, తల్లులు నెలరోజులుండి నేర్చుకునే గదులుండాలి, ఈతకొలను ఉండాలి. 1965 యుద్ధంలో తూటాలు తిన్న మురళీకాంత్ పేట్కర్ గారు 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణం తెచ్చారు. పేట్కర్ గారు సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగం జవాను, ఆ విభాగం శిక్షణ కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉంది.

మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డుకు మీరే అధ్యక్షులు. డిసెంబరు 7న సాయుధ దళాల జెండా దినోత్సవం నిధికి మా అబ్బాయి ఏటా స్కూల్లో డబ్బు వేసి వస్తాడు. ఆ నిధిలోంచి మొదలుపెట్టినా చాలు.

అది కట్టేలోపు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి రెండు నెలలకోసారి ఒక నర్సునైనా ఇంటికి పంపే ఏర్పాటు చేయండి. నాకు జ్వరం వచ్చిన రోజు ఆయన్ని తిప్పేవాళ్లు లేరు.

ఇట్లు,
ఒక జవాను భార్య,
పశ్చిమ గోదావరి జిల్లా