ఈ సీజన్ చెరువు ట్రిప్పులు: రేటు ఎందుకు పెరిగింది, కొల్లేరు ఎందుకు తీసేశాం

స్కూలు యాజమాన్యాలకు, సైన్స్ టీచర్లకు, తల్లిదండ్రులకు నమస్కారం.

బుకింగుల కోసం విజయవాడ నుంచీ గుంటూరు నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. అందరూ అడిగేవి దాదాపు అవే: రేటు ఎందుకు పెంచారు, కొల్లేరు ఎందుకు తీసేశారు, రెండు బస్సుల పిల్లల్ని ఒకేసారి ఎందుకు తీసుకెళ్లరు? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఇక్కడే రాసేస్తున్నాను.

మా గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్తాం. నీళ్లలో బతికే వెన్నెముక లేని జీవుల్ని, అంటే తూనీగ పిల్లలు, నత్తలు, జలగలు, నీటి పురుగుల్ని, వాళ్ల చేతే వలతో పట్టించి, తెల్ల ట్రేలో చూపించి, మళ్లీ అదే నీళ్లలో వదిలిస్తాం. బోటింగ్ ఉండదు, డీజే ఉండదు. అవి కావాలంటే చేసేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, మాకన్నా చవగ్గా కూడా చేస్తారు.

ఇక కొల్లేరు. 1999 నుంచి అది వన్యప్రాణి అభయారణ్యం, 2002లో రామ్‌సర్ జాబితాలోకీ, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకీ ఎక్కింది. అలాంటి చోట అటవీశాఖ అనుమతి లేకుండా వల వేసి జీవుల్ని పట్టకూడదు. కొల్లేరు ఒడ్డునున్న ఆటపాక గట్టు మీద నిలబడి పెలికాన్లను చూడొచ్చు, చాలా బాగుంటుంది, కాదనను. కానీ పోనూ రానూ సగం రోజు బస్సులోనే అయిపోతుంది, చెయ్యి తడవకుండానే పిల్లలు ఇంటికొస్తారు. పక్షుల కోసమే అయితే గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులోని చెట్ల మీద పెయింటెడ్ స్టార్కులు, పెలికాన్లు గూళ్లు కట్టుకుంటాయి, ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. దారిలో కాసేపు అక్కడ ఆగి గట్టు మీంచి చూపిస్తాం. ఆ నీళ్లలో మాత్రం వల వెయ్యం.

వల వేసేది తెనాలి వైపు మాకు తెలిసిన ఒక రైతు కుంటలో. పేరుకు కుంటే గానీ సరుకు మాత్రం పెద్ద చెరువు సరుకే. అంచున గుర్రపుడెక్క ఉంటుంది. ఒక్క మొక్క పీకి దాని వేళ్లను ట్రేలో జాడిస్తే ముందు నల్లటి బురద తప్ప ఏమీ కనపడదు. "ఏం లేదు సార్" అంటారు పిల్లలు. ట్రే కదపకుండా రెండు నిమిషాలు ఆగమంటాం. ఎనిమిదో తరగతి పిల్లల్ని రెండు నిమిషాలు నోరు మూయించడమే ఈ వ్యాపారంలో కష్టమైన పని. మట్టి అడుగుకు దిగాక ఒక్కొక్కటే కదలడం మొదలవుతుంది. గాజులాంటి రొయ్యపిల్లలు, చిన్న నత్తలు, తోక చివర మూడు ఆకుల్లాంటి మొప్పలున్న సూదితూనీగ పిల్ల.

అసలు హీరో పెద్ద తూనీగ పిల్ల. దాని మొప్పలు పురీషనాళం లోపల ఉంటాయి. వెనక నుంచి నీళ్లు లోపలికి పీల్చి ఊపిరి తీసుకుంటుంది, భయపడితే అదే నీటిని ఒక్కసారిగా వెనక్కి చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. ఈ ముక్క చెప్పగానే వచ్చే నవ్వులు ఆగడానికి ఇంకో రెండు నిమిషాలు పోతాయి. ట్రేలో దోమ పిల్ల ఉంటే దాని కింది పెదవి మడత విప్పుకుని ముందుకొచ్చి పట్టేస్తుంది. కన్ను ఆర్పితే చూడలేం. అదృష్టం బాగుంటే వీపు నిండా గుడ్లు అతికించుకున్న నీటి నల్లి దొరుకుతుంది. అది ఆడది అనుకుంటారు అందరూ. కాదు, మగది. ఆడది గుడ్లు దాని వీపు మీద పెట్టి తన దారిన పోతుంది, పిల్లలయ్యేదాకా మోసేది తండ్రే. ఈ సంగతి విన్నప్పుడు టీచరమ్మల ముఖాలు చూడాలి.

రోడ్డు పక్క మురుగు కాలువ బురద కూడా ఒక మూత డబ్బాలో మేమే తెస్తాం, పిల్లల్ని ముట్టుకోనివ్వం. అందులో ఎర్ర పురుగులూ దోమ పిల్లలూ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ఆ పురుగుల్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలోనూ బతుకుతాయి. రెండు ట్రేలు పక్కపక్కన పెడితే ఏ నీళ్లు మంచివో పిల్లలే చెప్పేస్తారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా నీటి నాణ్యత అంచనాకు ఇలాంటి జీవుల్ని చూసే పద్ధతి పెట్టుకుంది. "ఇది ఎన్ని మార్కులకొస్తుంది?" అని అడిగే ప్రిన్సిపాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

భద్రత గురించి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ వైపు తల్లిదండ్రులు నీళ్లంటేనే ఉలిక్కిపడుతున్నారు. వాళ్ల భయంలో అర్థముంది. అందుకే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో మేం ఎప్పుడూ దిగం, పైకి నిదానంగా కనపడినా వాటి లాగుడు వేరు. కుంటలో కూడా పిల్లలు గట్టు మీదే ఉంటారు, పొడుగు కర్ర వలలు వాడతారు. కాళ్లకు గమ్‌బూట్లు. చేతి మీద పుండున్నవాళ్లకు గ్లౌజులు తప్పనిసరి, ఎలుక మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది కనుక. తినేముందు సబ్బుతో చేతులు కడగాలి, ఇందులో బేరాల్లేవు. పక్క చేలో ఆ రెండు మూడు రోజుల్లో పురుగుమందు కొట్టారని తెలిస్తే ఆ ముందు రాత్రయినా ట్రిప్పు వాయిదా వేస్తాం. డబ్బులు పోవు, తేదీ మారుతుంది.

బ్యాచ్‌కి 30 మందే. ఆరుగురికొక ట్రే, ట్రేకి ఒక మనిషి. అరవైమంది వస్తే సగం మంది ముందువాళ్ల వీపులు చూసి వస్తారు.

రేటు 550 నుంచి 650 అయింది. బస్సు అద్దె, ట్రే దగ్గర నిలబడేవాళ్ల కూలి, రైతుకిచ్చేది, భోజనం పోను మిగిలేది తక్కువ. ప్రతి ట్రిప్పు తర్వాత వలల్ని బ్లీచింగ్ నీళ్లలో ముంచి ఎండబెడతాం, ఒక చెరువు జబ్బు ఇంకో చెరువుకి అంటకూడదని. చుట్టుపక్కల చేపల, రొయ్యల రైతులు మమ్మల్ని రానిస్తున్నది ఆ నమ్మకం మీదే. ప్రభుత్వ పాఠశాలలకు పాత రేటే.

అడ్వాన్సు ఇకనుంచి సగం. బస్సువాడు డీజిల్ ముందే పోయించమంటాడు, కొన్ని స్కూళ్ల చెక్కులేమో సంక్రాంతి దాటాక వస్తాయి. రెండింటి మధ్యా నేను నలగలేను.

తేదీలు: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కార్తీకమాసంలో ఆది, సోమవారాలు అడక్కండి. వనభోజనాలు, పంచారామాల యాత్రలు, శబరిమల బస్సులు, అన్నీ అప్పుడే. బస్సు దొరికినా రేటు వినలేం. మంగళ, బుధవారాలు ఖాళీగా ఉన్నాయి.

జీవుల్ని సీసాలో వేసి ఇంటికి పంపమని అడిగే తల్లిదండ్రులకు: పంపం. ఫోటోలు పంపుతాం. పిల్లలకు ఒక తువ్వాలు, ఇంకో జత బట్టలు ఇచ్చి పంపండి. తెల్ల యూనిఫాం రోజు మాత్రం బుక్ చేసుకోకండి, ఆ బురద మరక ఏ సబ్బుకీ లొంగదు.