లేజర్ డయోడ్లకు పదేళ్ల నిధి ఇవ్వండి: కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని పరీక్షించి డ్రోన్లను కూల్చింది. దాన్ని రూపొందించింది హైదరాబాద్‌లోని దాని ప్రయోగశాల చెస్ (సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్). మర్నాడు క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "సార్, అంత వెలుగు మొదట ఎక్కడ పుడుతుంది?" ఆ ప్రశ్నే ఈ లేఖ రాయిస్తోంది.

శక్తిమంతమైన ఫైబర్ లేజర్లకు, అంటే సన్నని గాజు తీగలో వెలుగును పెంచే లేజర్లకు, మేత వేసేవి లేజర్ డయోడ్లు: కరెంటును నేరుగా లేజర్ వెలుగుగా మార్చే చిన్న సెమీకండక్టర్ పరికరాలు. సెంటీమీటరు వెడల్పున్న ఒక్క చిప్పు పట్టీ (బార్) మీద అవి పదులకొద్దీ వరసగా ఉంటాయి, వందల వాట్లు ఇస్తాయి. కానీ ఎవరి దారి వారిదే. అలా 20 డయోడ్ల వెలుగు కలిస్తే నడిమధ్య తీవ్రత ఒక డయోడుకు 20 రెట్లు. అవే ఒకే దశలో, అంటే వాటి వెలుగు అలలు ఒకేసారి లేచి ఒకేసారి పడేలా, అడుగు కలిపి నడిస్తే 400 రెట్లు. అదనపు కరెంటు అక్కర్లేదు, వెలుగు సన్నని కిరణంగా ఒకచోటికి చేరుతుంది.

1978లోనే అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో సైఫర్స్, బర్న్‌హామ్, స్ట్రైఫర్ డయోడ్లను ఇలా దశ కలిపి చూపించారు. మరి ఇన్నేళ్లూ చిక్కు ఎక్కడుంది? కోలాటంలో ఒకరు ముందుకు వంగితే పక్కవారు వెనక్కి వంగినట్టు, పక్కపక్క డయోడ్లు తమంతట తాముగా ఎదురు దశలోకి జారుకుంటాయి. రెండు డయోడ్ల మధ్య వెలుగును మింగేసే జాగా ఉంటుంది. ఎదురు దశలో నడిస్తే సరిగ్గా అక్కడే వెలుగు సున్నా అవుతుంది, నష్టం తగ్గుతుంది. అందుకే వాటికి ఆ నడకే సులువు. మనకు మాత్రం నడుమ చీకటి మిగిలి, కిరణం రెండుగా చీలిపోతుంది.

వేడి ఇంకో శత్రువు. ఒక్క డిగ్రీ పెరిగితే తరంగదైర్ఘ్యం సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. వరసలో నడిమి డయోడు అంచు డయోడుకన్నా కాస్త వేడెక్కినా జత చెదిరిపోతుంది. బార్‌ను రాగి దిమ్మెకు అతికించేటప్పుడు ఒకటి రెండు మైక్రాన్ల వంపు వచ్చినా అంతే. ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని 'స్మైల్' అంటారు. ఆ వంపు రాకుండా అతికించడం పుస్తకాల్లో దొరికే విద్య కాదండీ. ఒకే చోట, ఒకే యంత్రం మీద, వందల బార్లు పాడుచేసుకుంటే గానీ చేతికి రాదు.

క్యోటో విశ్వవిద్యాలయంలో సుసుము నోడా బృందం ఇంకో దారి పట్టింది. విడి డయోడ్లను జతచేయకుండా, చిప్పులోనే ఫొటోనిక్ స్ఫటికం (వెలుగును అదుపుచేసే అతిచిన్న రంధ్రాల వరసలు) చెక్కి మొత్తం వైశాల్యాన్ని ఒకే దశలో వెలిగించింది. మొదటి ఫలితం 1999లో. 3 మిల్లీమీటర్ల చిప్పు నుంచి నిరంతరంగా 50 వాట్ల సన్నని కిరణం 2023లో. ఆ 24 ఏళ్లను మీరు గమనించాలని నా విన్నపం. మూడేళ్ల ప్రాజెక్టుల్లో ఇది తెమిలే పని కాదు. నిధి ముగియగానే చేయి తిరిగిన పిల్లలు వెళ్లిపోతారు, తర్వాత వచ్చేవారు మళ్లీ అఆల నుంచి మొదలుపెడతారు.

2021 డిసెంబరులో రూ.76,000 కోట్లతో ప్రకటించిన సెమీకండక్టర్ పథకంలో కాంపౌండ్ సెమీకండక్టర్లకూ (ఒకటికన్నా ఎక్కువ మూలకాలు కలిసినవి) చోటిచ్చారు, అది మంచి నిర్ణయం. లేజర్ డయోడ్ సిలికాన్‌తో అయ్యేది కాదు. గాలియం ఆర్సెనైడ్, ఇండియం ఫాస్ఫైడ్ లాంటివి కావాలి. ఆ పద్దు కింద ఈ పదార్థాల పొరలు పెంచడం నుంచి బార్ అతికించడం దాకా ఒకే కప్పు కింద జరిగే లేజర్ డయోడ్ కేంద్రానికి పదేళ్ల హామీతో డబ్బివ్వండి. విశ్వవిద్యాలయాల పిల్లలు తమ డిజైన్లు పంపి బార్లు తయారుచేయించుకునే వీలు కల్పించండి. లక్ష్యాలు రాసేటప్పుడు ఎన్ని వాట్లు అని మాత్రమే అడగకండి, ఎంత సన్నని కిరణంలో ఎన్ని వాట్లు అని అడగండి. వాట్లు మాత్రమే అడిగితే బార్ల సంఖ్య పెంచి చూపిస్తారు, దశ కలిపే కష్టం ఎవరూ పడరు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎమ్మెస్సీ దరఖాస్తులు నింపుతోంది. లేజర్ డయోడ్ల మీద పనిచేయాలంటే ఎక్కడికి వెళ్లాలని మళ్లీ అడిగింది. మీ జవాబు వస్తే తనకు చూపిస్తాను.

భవదీయుడు,
ఒక డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకుడు