సముద్రం అడుగున తుపాను చెత్తకు బడ్జెట్‌లో పద్దు ఏదీ?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద బతికే కుటుంబం మాది. తుపాను పరిహారం పెంచమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. అది మా సంఘాలు ఏటా అడుగుతూనే ఉన్నాయి. తుపాను వెళ్లిపోయాక సముద్రం అడుగున మిగిలిపోయే సామాను తీయించడానికి ప్రభుత్వం డబ్బు కేటాయించాలని అడుగుతున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ముఖ్యమంత్రి ఇక్కడే మకాం వేశారు. రెండు రోజులకే ప్రధాని వచ్చి వెయ్యి కోట్ల తక్షణ సాయం ప్రకటించారు. పడిపోయిన చెట్లు కోసి తీశారు, కరెంటు స్తంభాలు నిలబెట్టారు, రోడ్లు ఊడ్చారు. ఆ పని బాగా చేశారని ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. అదే గాలికి ఎగిరిపోయిన రేకులు, గెడ్డల్లో (వాగుల్లో) కొట్టుకొచ్చిన దుంగలు, లంగరు తెగి మునిగిన పడవలు, తెగిపోయిన వలలు ఎటు పోయాయి? సముద్రంలోకే పోయాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చినవి పోగా మిగిలినవన్నీ అడుగుకు చేరాయి. వాటి లెక్క ఎవరూ తీయలేదు.

2020 అక్టోబరులో ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ ఓడ గాలివానకు కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు కింద ఒడ్డెక్కింది. ఊరంతా వెళ్లి సెల్ఫీలు దిగింది. ఆ ఓడను ఏం చేయాలన్న చర్చ ఎంతకాలం నడిచిందో మీకు తెలుసు. నీళ్ల కింద ఉన్నదాన్ని సెల్ఫీ తీసేవాడు లేడు కదా!

వల అడ్డు పట్టేస్తే ఏమవుతుందో ఆఫీసులో కూర్చున్నవారికి తెలియకపోవచ్చు. బోటు వెనక సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వలకు ముందు రెండు బోర్డులుంటాయి. అవి వల నోరు తెరిచి ఉంచుతాయి, అడుగున గొలుసు నేలను రాసుకుంటూ వస్తుంది. ఆ గొలుసు దేనికైనా తగులుకుందంటే బోటు ఎవరో వెనక్కి లాగినట్టు ఆగిపోతుంది, వెనకభాగం నీళ్లలోకి కుంగుతుంది. బోటు నడిపే సరంగు క్షణంలో ఇంజను తగ్గించాలి. వల లాగే వించి మీద వైరు బిగుసుకుని కీచుమంటుంటే బోటులో పనిచేసే కళాసీలు పక్కకు పరిగెడతారు. ఆ వైరు తెగి తగిలితే మనిషి మిగలడు. బోటును అటు తిప్పి, ఇటు తిప్పి లాగి చూస్తారు. అదృష్టం బాగుంటే చిరిగిన వల పైకొస్తుంది. లేకపోతే వల, బోర్డులు అన్నీ అక్కడే వదిలేసి రావాలి.

ఒకసారి మా వలలో ఇంటి కప్పు రేకు వచ్చింది. నిండా నత్తలు పట్టి ఉంది. దానికి చుట్టుకుని ఎవరిదో నైలాన్ వల. ఆ వలలో సగం కుళ్లిన పీతలు, వాటిని తినడానికొచ్చి చిక్కుకున్న బతికున్న పీతలు. ఎవడికీ దక్కని వేట నీళ్ల కింద అలా సాగుతూనే ఉంది. నైలాన్ కుళ్లదు కాబట్టి అది ఇప్పట్లో ఆగదు కూడా.

ఇక డబ్బు సంగతి. 2022-26 విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పూర్తిగా పాడైన వలకు 4,000 రూపాయలు, కొంత పాడైతే 3,000. ఒక ట్రాల్ వల కుట్టించాలంటే పదుల వేలు కావాలి. పోనీ, ఆ 4,000 అయినా తుపాను నాడు పోయిన వలకే. ఆర్నెల్ల తర్వాత ఆ తుపాను పడేసిన ఇనుముకు తగిలి చిరిగిన వలకు పంచనామా ఉండదు, జాబితా ఉండదు, పైసా రాదు. శిథిలాల తొలగింపు అనే మాట నిబంధనల్లో ఉంది. అది జనం తిరిగే చోటుకే వర్తిస్తుంది. మేం తిరిగే చోటు సముద్రం.

ఇది కేంద్రం చూసుకోవాల్సిందని దయచేసి అనకండి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు చేపల వేట రాజ్యాంగం ప్రకారం రాష్ట్రం చేతిలో ఉన్నదే. తుపాను సామాను ఎక్కువగా దిగేదీ ఆ లోపలే.

ఇది ఎక్కడా జరగని పని కాదు. 2005లో అమెరికాలో కత్రినా, రీటా తుపాన్లు వచ్చాక అక్కడి పార్లమెంటు దీనికోసం విడిగా నిధులిచ్చింది. వాళ్ల సముద్ర వాతావరణ సంస్థ నోవా లూసియానా, మిసిసిపి, అలబామా తీరాల్లో నీళ్ల కింద ఉన్నదాన్ని శబ్దంతో పసిగట్టే సోనార్‌తో అడుగును వెతికి, అడ్డులున్న చోట్లు మ్యాపుల్లో గుర్తించి రొయ్యల బోట్లవారికి అందుబాటులో పెట్టింది. వాళ్లు లాగేదీ ట్రాల్ వలే, మేం లాగేదీ అదే. అంత దూరం వద్దనుకుంటే కేరళను చూడండి. 2017లో కొల్లం దగ్గర నీండకరలో శుచిత్వ సాగరం మొదలుపెట్టారు. వలలో పడ్డ ప్లాస్టిక్‌ను బోట్లవాళ్లు తిరిగి నీళ్లలో పారేయకుండా ఒడ్డుకు తెస్తే, దాన్ని శుభ్రం చేసి, తురిమి రోడ్లకు వేసే తారులో కలిపారు.

విశాఖకు ఆ తెలివి బయటినుంచి తెచ్చుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా ఇక్కడ ఉంది, సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ ఉంది, సముద్ర విజ్ఞాన సంస్థ ఎన్‌ఐఓ ఉంది, డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఉంది, తూర్పు నౌకాదళం కేంద్రమే ఈ ఊరు. సోనార్ తిప్పాలంటే నేవీ అనుమతి కావాలి. మీరు అడిగితే వస్తుంది, మేం అడిగితే ఎవరు వింటారు?

సమయం కూడా కలిసొస్తుంది. మన తీరానికి పెద్ద తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. డిసెంబరు నుంచి మార్చి లోపు సర్వే చేసి అడ్డులున్న చోట్ల జీపీఎస్ అంకెలు బోట్లకు ఇవ్వండి. తీయలేకపోయినా కనీసం తప్పుకుంటాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లు కట్టేసి ఉంటాయి, కళాసీలు ఖాళీగా ఉంటారు. నిషేధ భృతి 2025లో 20,000 రూపాయలకు పెంచారు, సంతోషం. దానికి తోడు డీజిలు, రోజుకూలి ఇచ్చి ఈ పని మాతోనే చేయించండి. అది చేపలు గుడ్లు పెట్టే కాలం, కాబట్టి వల వేయకూడదు. కొక్కేలతో, డైవర్లతో తీయాలి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లకు వేట లేదు, అక్కడి పని పెదజాలారిపేట, మంగమారిపేట, భీమిలి తెప్పల వాళ్లకే ఇవ్వండి. ఆ నేల వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు.

మీ అధికారులు ఒక ప్రశ్న వేయొచ్చు. చేపలు చేరడానికి ప్రభుత్వమే సముద్రం అడుగున కృత్రిమ దిబ్బలు (రీఫ్‌లు) వేయిస్తుంటే, మునిగిన పడవలు ఎందుకు తీయడం అని. మంచి ప్రశ్నే. రీఫ్ ఎక్కడుందో ముందే చెప్పి వేస్తారు. తుపాను చెప్పి వేయదు. చేపలు నిలకడగా పట్టే పాత మునక ఏదైనా ఉంటే, దాన్ని గుర్తు పెట్టి వదిలేయమని మత్స్యకారులే అంటారు. అలాంటివి ముట్టుకోనక్కర్లేదు.

ఇంకోటి, చెత్తకు కిలోకింత అని కట్టకండి. ఇంట్లో మూలన పడున్న చిరుగు వలలన్నీ తడిపి తెచ్చి తూకానికి పెట్టేవాళ్లు మాలోనూ ఉన్నారు, దాచడమెందుకు! బోటుకు రోజుకింత అని ఇచ్చి, జీపీఎస్‌లో ఎక్కడెక్కడ తిరిగారో చూసి బిల్లు చేయండి. తెచ్చింది దించడానికి హార్బర్‌లో ఒక షెడ్డు కావాలి. హార్బర్ ఆధునికీకరణకు 2022 నవంబరులో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ పనుల్లోనే దీనికి కాస్త చోటు కేటాయిస్తే చాలు.

రాబోయే బడ్జెట్‌లో మీ శాఖ కింద తుపాను తర్వాత సముద్ర గర్భ శుభ్రతకు ఒక పద్దు తెరవండి. మొదటి ఏడాది విశాఖ తీరానికే పరిమితం చేసినా ఒప్పుకుంటాం. నిషేధ కాలంలో ఈ పనికి వెళ్లే బోట్లను మెరైన్ పోలీసులు, కోస్ట్ గార్డు ఆపకుండా మార్చి నెలాఖరులోపు జీవో రావాలి. ఏప్రిల్ దాటి వస్తే ఇంకో ఏడాది పోయినట్టే.

ఇట్లు,
ఒక బోటు యజమాని,
ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం