లైఫ్ జాకెట్లు లెక్కపెట్టడం కాదు, బిగించి చూడండి

సంపాదకుడు గారికి,

అయ్యా,

గోదావరి పాయల్లో కొత్తగా మొదలవుతున్న జల క్రీడల మీద ఆమధ్య మీ జిల్లా అనుబంధంలో సగం పేజీ కథనం వేశారు. టికెట్ ధర రాశారు, రేవుకు ఎలా చేరుకోవాలో రాశారు, ఫొటోలు ఏ వేళలో బాగా వస్తాయో కూడా రాశారు. భద్రత సంగతి వచ్చేసరికి అందరికీ లైఫ్ జాకెట్లు ఇస్తున్నారని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ వాక్యం పక్కనే వేసిన ఫొటోను మీ కార్యాలయంలో ఎవరైనా పరికించి చూశారా? స్పీడ్ బోటు వెనక పలక మీద నిలబడి తాడు పట్టుకున్న కుర్రవాడి జాకెట్ చెవుల దాకా లేచిపోయి ఉంది. కింది పట్టీ బిగించకుండా గాలికి వేలాడుతోంది. సంబంధిత శాఖవారు ఎవరైనా దాన్ని చూసి స్పందిస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. ఎవరూ పలకలేదు కనుక రాస్తున్నాను.

ఆ ఫొటోలోని ఆట పేరు వేక్‌బోర్డింగ్. అది రేవు దాటించే పంటు ఎక్కి కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వెళ్లడం కాదు. రెండు పాదాలనూ పలకకు బిగించేస్తారు. బోటు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వేగంతో లాగుతుంది. పట్టు తప్పితే మనిషి ముఖం నీటికి కొట్టుకునేలా పడతాడు. ఆ వేగంలో పక్కటెముకలు కదిలిపోయేంత దెబ్బ తగలవచ్చు. పైగా కాళ్లు పలకకే ఉండిపోతాయి కాబట్టి ఎంత గజ ఈతగాడికైనా కాళ్లు ఆడించడం కష్టం. ఆ క్షణంలో అతన్ని తేల్చి ఉంచాల్సింది ఒంటి మీది జాకెట్. పడ్డ తాకిడికే అది తల మీదుగా పైకి వచ్చేస్తే ఇక వేసుకుని లాభమేమిటి?

మన రేవుల్లో అందరూ చూసే నారింజ రంగు జాకెట్, ముందు దిమ్మలూ మెడ వెనక పట్టా ఉన్నది, పడవలో కూర్చుని వెళ్లే ప్రయాణికుల కోసం తయారైంది. దాన్నే వేక్‌బోర్డింగ్‌కూ తగిలిస్తున్నారు. వేగంగా పడినప్పుడు ఆ దిమ్మలు గడ్డానికి తన్నుకుంటాయి, చేతులు ఆడనివ్వవు. తాడు లాగితే గాలి నిండే జాకెట్లు కూడా ఈ ఆటకు పనికిరావు. పడిన దెబ్బకు స్పృహ తప్పినవాడు తాడెలా లాగుతాడు? ఇక పోటీల్లో ఆడేవారు వేసుకునే పలుచని కోటు ఒకటుంది. అది దెబ్బను కాస్త ఆపుతుంది గానీ మనిషిని తేల్చే హామీ ఇవ్వదు. చూడటానికి అందంగా ఉందని మన పిల్లలు ఆన్‌లైన్‌లో దాన్నే తెప్పించుకుంటున్నారు. తల్లిదండ్రులారా, దయచేసి దాన్ని లైఫ్ జాకెట్ అనుకోకండి.

ఈ ఆటకు కావలసింది లోపల మెత్తని ఫోమ్ ఉండి, ఒంటికి అంటుకుపోయేలా నియోప్రీన్ అనే సాగే రబ్బరుతోనో గట్టి నైలాన్‌తోనో కుట్టిన జాకెట్. ముందు జిప్ ఒక్కటే ఉంటే చాలదు, ఛాతీ చుట్టూ నడుము చుట్టూ తిరిగే పట్టీలు, బకిళ్లు ఉండాలి. లోపలి వైపు కుట్టిన చీటీ మీద తేలే శక్తి న్యూటన్లలో రాసి ఉంటుంది. లైఫ్ జాకెట్ల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 12402లో అన్నిటికన్నా తక్కువ స్థాయి 50 న్యూటన్లు, అంటే సుమారు 5 కిలోల బరువును పైకెత్తే శక్తి. అది కూడా ఈత వచ్చి, సాయం దగ్గరలో ఉన్నవారికే. స్పృహ తప్పినవాడిని వెల్లకిలా తిప్పే పని 100 న్యూటన్ల నుంచి పైస్థాయి జాకెట్లది. 50 న్యూటన్లది ఆ హామీ ఇవ్వదు. అందుకే బోటు నడిపే సరంగు కాకుండా, వెనక ఆడేవాడిని కళ్లార్పకుండా చూసే మనిషి ఒకరు బోటులో ఉండి తీరాలి. ఈత రానివారిని అసలు ఆ పలక ఎక్కించకూడదు. మన దగ్గర ఈత వచ్చా అని అడిగే నాథుడే లేడు.

సైజు సంగతి మరీ ఘోరం. పెద్దవాళ్లకు ఛాతీ కొలత చూసి ఇవ్వాలి, పిల్లలకు బరువు చూసి ఇవ్వాలి. సంక్రాంతి సెలవుల్లో మా అన్నయ్య మనవడిని మా ప్రాంతంలోని ఒక బోటింగ్ కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడి పనివాడు కుప్పలోంచి పైకి వచ్చిన జాకెట్ లాగి పిల్లవాడికి తొడిగాడు. "చేతులు పైకెత్తు నాన్నా" అని రెండు భుజాల దగ్గర పట్టుకుని నేను పైకి లాగాను. జాకెట్ ముక్కు దాటి కళ్ల దాకా వచ్చేసింది. విప్పి చూస్తే చంక కింద కుట్టు విడిపోయి లోపలి నుంచి థర్మోకోల్ గింజలు రాలుతున్నాయి. ఒక బకిల్ విరిగిపోతే దాని బదులు నైలాన్ తాడు ముడేసి ఉంది. చీటీ మీద ఒక్క అక్షరమూ మిగల్లేదు. చిన్నది ఇవ్వమని అడిగితే "అందరికీ ఇదే సార్, ఇంతవరకు ఎవరూ మునగలేదు" అన్నాడు. ఎవరైనా మునిగితే గానీ చిన్న జాకెట్ కొనరా? ఆ మాట విన్నాక పిల్లవాడిని ఎక్కించలేదు.

నేను చేసిన ఆ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, ఇంజినీరూ అక్కర్లేదు. పట్టీలన్నీ బిగించి, చేతులెత్తించి, భుజాల దగ్గర లాగి చూడాలి. గడ్డం దాటి వస్తే అది వదులు. తర్వాత మొలలోతు నీళ్లలో మోకాళ్లు ముడిచి తేలమనాలి, ముఖం నీటిపైన నిలవాలి. దీనికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అనుమతులిచ్చే అధికారి దస్త్రంలో జాకెట్ల సంఖ్య ఎంతో రాసుకుని వెళ్లిపోతాడు. వాటిలో ఎన్ని తేలుతాయో అడగడు. సముద్రపు పోటు ఎక్కే అంతర్వేది, యానాం వైపు ఉప్పుకు జిప్పులు బిగుసుకుపోతాయి. రోజూ మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఎక్కడ చూసినా వాటిని ఎండలో పడేస్తున్నారు, లేదా బోటులో కూర్చోవడానికి కింద వేసుకుంటున్నారు. అలా నలిగిన ఫోమ్ తేలే శక్తి పోగొట్టుకుంటుంది.

ఇవన్నీ కొత్తగా చెప్పాలా మన జిల్లాలవారికి? 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న బోటు మునిగితే ప్రాణాలతో బయటపడింది 26 మంది. జాకెట్లు వేసుకున్నవారే ఎక్కువగా బయటపడ్డారని అప్పట్లో పత్రికలు రాశాయి. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటును పైకి తీసింది. ప్రమాదం జరిగిన రోజుల్లో మంత్రులు, అధికారులు ఏటిగట్టు మీదికి వచ్చారు. ఆ తర్వాత కొన్నాళ్లు రేవుల్లో తనిఖీలు జరిగాయి. ఇప్పుడు మా రేవుకు వెళ్లి చూడండి. జాకెట్లు పెట్టెలో ఉన్నాయి, పెట్టెకు తాళం ఉంది, తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉంది. 2017లోనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పడవల భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో నదులు, కాలవల్లో తిరిగే నౌకలకు కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది. కాగితాలకు కొదవ లేదు, వాటిని పట్టుకుని రేవులోకి దిగే మనిషే కరువు.

మరో బాధ కూడా చెప్పుకోవాలి. మా తరం ఎండు కొబ్బరికాయలు జంటగా కట్టుకుని కాలవల్లోనే ఈత నేర్చుకుంది. ఈనాటి పిల్లలకు ఆ కాలవలే లేవు. ఉన్నవి గుర్రపుడెక్కతో, ప్లాస్టిక్ చెత్తతో పూడిపోయాయి. పూడిక తీయమని అర్జీలు పెట్టి విసిగిపోయాం. చుట్టూ నీళ్లున్న కోనసీమలో ఈత రాని పిల్లలు పెరుగుతున్నారంటే అది ఎవరి నిర్వాకం? బడుల్లో ఈత నేర్పించరు, మంచి చెరువును కాపాడరు, కానీ స్పీడ్ బోటు వెనక లాగించుకునే ఆటకు మాత్రం రిబ్బన్ కత్తిరించడానికి పెద్దలందరూ వస్తారు.

జల క్రీడలు వద్దని నేననడం లేదు. మన గోదావరి మీద మన పిల్లలు వేక్‌బోర్డింగ్ నేర్చుకుని పోటీలకు వెళ్తే నాకన్నా సంతోషించేవారు ఉండరు. వచ్చే సెలవుల రద్దీ మొదలయ్యేలోగా ప్రతి కేంద్రంలో పిల్లల సైజులు విడిగా ఉంచాలని, చీటీ చెరిగిపోయిన జాకెట్లన్నీ అక్కడికక్కడే కోసి పారేయాలని, ఆడేవారిని గమనించే మనిషి లేని బోటుకు అనుమతి రద్దు చేయాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. తనిఖీ తేదీ ముందుగా చెప్పకుండా వెళ్లాలి. మీరు కూడా ఆ కేంద్రాలకు మీ విలేకరిని మరోసారి పంపండి. ఈసారి ఆయన స్వయంగా జాకెట్ తొడుక్కుని, చేతులెత్తి నిలబడి, ఎవరిచేతనైనా భుజాల దగ్గర లాగించి చూసి, ఏమైందో అదే అనుబంధంలో, అంతే సగం పేజీలో రాయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు