శ్రీనివాస్‌కు, నీ చెక్క అరుగు గురించి

ఎడిసన్, న్యూజెర్సీ

ప్రియమైన శ్రీనివాస్‌కు,

నువ్వు పంపిన కొత్త ఇంటి ఫోటోలు నిన్న రాత్రి మేమిద్దరం మళ్లీ చూశాం. వంటగది తలుపు తీయగానే పెరట్లోకి సాగిన ఆ డెక్‌ను చూసి మా ఆవిడ "అచ్చం మన ఊళ్లో అరుగులా ఉంది" అని మురిసిపోయింది. అయితే ఆదివారం ప్రెషర్ వాషర్ (నీళ్లను గట్టి ధారగా చిమ్మే యంత్రం) అద్దెకు తెచ్చి దాన్ని కడిగి, గీకి, సాయంత్రానికల్లా రంగు వేసేస్తానని నువ్వన్న మాట నన్ను కలవరపెట్టింది. ఫోనులో చెబితే సగం జారిపోతుందని ఇలా వివరంగా రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం మా డెక్‌కు నేను పిలిచిన మొదటి పనివాడు చేసినది సరిగ్గా అదే. అందరికన్నా తక్కువ ధర చెప్పాడు, కాగితం ఒక్కటీ ఇవ్వలేదు, యంత్రం ముక్కును పలకకు బెత్తెడు దూరంలో పెట్టి కడిగాడు. పైన్ మెత్తని కలప కదా, ఆ ధారకు లేత భాగమంతా కొట్టుకుపోయి గట్టి ఈనెలు మాత్రం పైకి లేచాయి. ఆరిన తరువాత చేత్తో తడిమితే కొబ్బరి పీచును తాకినట్టు ఉండేది. చెక్క ఇంకా తడిగా ఉండగానే, ఆ మధ్యాహ్నమే రంగు పూసి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. నీళ్లు తాగి ఉన్న చెక్క నూనెను పీల్చుకోదు, అందువల్ల ఆ రంగు పైపొరగా మిగిలి మరుసటి వసంతానికి చేప పొలుసుల్లా ఊడింది. మా చిన్నదాని అరికాల్లో దిగిన పేడును సూదితో తీస్తున్నప్పుడు అది ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

తరువాత వచ్చిన పెద్దాయన ధర గురించి మాట్లాడకముందే టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకుని డెక్ కిందికి దూరాడు. దూలాలనూ, స్తంభాల మొదళ్లనూ పొడిచి చూశాడు. గట్టి కలపలో మొన దిగదు, చీకినచోట వెన్నలో దిగినట్టు దిగుతుంది. పైకి వచ్చి పలకల మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, అవి పూసల్లా నిలుస్తాయా, ఇంకిపోతాయా అని గమనించాడు. మా డెక్ 2012లో కట్టినది, పాత కలపలో ఉండే ఆర్సెనిక్ మందు భయం దానికి లేదు కనుక, ముక్కుకు మాస్క్ కట్టుకుని, లేచిన నారను ఉప్పు కాగితంతో రుద్దాడు. వర్షం వచ్చి పని ఆగిన ప్రతిసారీ, తేమ కొలిచే పరికరంలో 15 శాతం కంటే తక్కువ కనిపించేదాకా డబ్బా మూత తీయలేదు. ఎండ నేరుగా పడని వేళ చూసి, చెక్కలోకి ఇంకే నూనె స్టెయిన్‌ను ఒక్కో పలకకు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఆపకుండా పలుచగా పూసి, మిగిలినదాన్ని గుడ్డతో తుడిచాడు. ఆ నూనె గుడ్డలను కుప్పగా పడేయకుండా కంకర మీద విడివిడిగా పరిచాడు, ఎందుకంటే ముద్దగా వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మన తాతలు ద్వారబంధాలకు అవిసె నూనె పట్టించేవారే, ఆ నూనెకూ ఇదే గుణం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక నీ సంగతి మావంటిది కాదు. మీ ఇల్లు 2001లో కట్టినదన్నావు. 2003 చివరిదాకా ఇక్కడ ఇళ్లకు వాడిన కలపను ఎక్కువగా క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిసిన సీసీఏ మందులో నానబెట్టేవారు. ఆర్సెనిక్ అంటే పాషాణమే. ఆ పలకలను గీకితే ఆ పొడి గాలిలోకీ, పిల్లలు ఆడుకునే మట్టిలోకీ చేరుతుంది. ప్రెషర్ వాషర్ మాత్రమే కాదు, బ్లీచ్, దుకాణాల్లో అమ్మే డెక్ క్లీనర్లు కూడా దానికి తగవు. సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. ఏడాదికో, రెండేళ్లకో ఇంకే స్టెయిన్ పూయిస్తే ఆ మందు బయటికి రావడం తగ్గుతుంది. తీసేసిన ముక్కలను మాత్రం చలిమంటలో వేయవద్దు.

అన్నిటికన్నా ముందు, డెక్‌ను ఇంటి గోడకు పట్టి ఉంచే లెడ్జర్ పలకను చూపించు. దాన్ని ఉత్త మేకులతో కొట్టి ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకు, బోల్టులు వేయించు. డెక్‌లు కూలిన చోట తరచుగా కనిపించే లోపం అదే. దాని మీద నీళ్లను పక్కకు మళ్లించే రేకు లేకపోతే నీళ్లు గోడకూ పలకకూ మధ్యకు దిగి, పైకి కనిపించకుండా కలపను చీకిపోయేలా చేస్తాయి. పైన రంగు ఎంత మెరిసినా అక్కడ బలం లేకపోతే నీ పిల్లలు నిలబడేది దేనిమీద?

పనివాణ్ణి పిలిచేటప్పుడు మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడు. 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, అది చేతికందాక మూడో పనిదినం అర్ధరాత్రి లోపు రద్దు చేసుకునే హక్కు కూడా నీకు ఉంటుంది. అతని బీమా పత్రం బీమా సంస్థ నుంచే నేరుగా నీకు పంపించమని అడుగు. వర్షం పడితే ఎన్నాళ్లు ఆగుతాడో ఒప్పందంలో రాయించు, పని ముగియకముందు మొత్తం డబ్బు ఇవ్వకు. "కిందికి దిగి చూస్తారా?" అని అడిగినప్పుడు విసుక్కునేవాణ్ణి మర్యాదగా పంపించెయ్.

యంత్రం అద్దెకు తీసుకోకు. శనివారం ఉదయం టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే వస్తాను, ఆ లెడ్జర్ పలకను ఇద్దరం కలిసి చూద్దాం. చెల్లెమ్మను ఉప్మా చేసి ఉంచమను.

నీ
మూర్తి