అమ్ములూ, నువ్వు ఇక్కడ అతిథివి కాదు

అమ్ములూ,

క్యాంపస్‌లో జరిగే నిరసన సభకి వెళ్లాలనుందని, కానీ మీ పిన్ని "మనకెందుకొచ్చిన గొడవ, మనం బతకడానికి వచ్చినవాళ్లం" అందని ఫోన్లో చెప్పావు. పిన్ని నీ మీద ప్రేమతోనే అంది. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ భయం ఉంటుంది, ఉండటంలో తప్పులేదు. కానీ నువ్వు బతకడానికి వచ్చినదానివి కాదు, ఇక్కడ పుట్టినదానివి. ఆ తేడా ఎంత పెద్దదో నీకు తెలియాలని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పుట్టేనాటికి నాన్న హెచ్-1బి ఉద్యోగ వీసా మీద, నేను ఆయన భార్యగా హెచ్-4 వీసా మీద ఉన్నాం. మాకు గ్రీన్‌కార్డు కూడా లేదు. అయినా నువ్వు పుట్టిన క్షణం నుంచే అమెరికా పౌరురాలివి. అది ఎవరి దయా కాదు. ఈ దేశంలో పుట్టి దీని చట్టాలకు లోబడినవాళ్లు పౌరులే అని చెప్పే, 1868లో రాజ్యాంగంలో చేరిన 14వ సవరణలోని మొదటి వాక్యం వల్ల వచ్చిన హక్కు. నల్లవాళ్లు ఈ దేశ పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతర్యుద్ధం ముగిశాక ఆ తీర్పును చెరిపేయడానికి రాసిన వాక్యమది. వాళ్ల కష్టం మీద వచ్చిన హక్కు మన ఇంటిదాకా వచ్చింది. ఇది తెలిసి కూడా నల్లవాళ్ల గురించి చులకనగా మాట్లాడేవాళ్లు మనవాళ్లలో ఉన్నారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ వాక్యం వలస వచ్చినవాళ్ల పిల్లలకి కూడా వర్తిస్తుందని తేలింది ఒక వంటవాడి వల్ల. వాంగ్ కిమ్ ఆర్క్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. అమ్మానాన్నలు చైనావాళ్లు, అప్పటి చట్టం ప్రకారం వాళ్లు పౌరులయ్యే దారే లేదు. 1895లో చైనా వెళ్లి తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదంటూ అతన్ని దేశంలో అడుగుపెట్టనివ్వలేదు. నెలల తరబడి రేవులో ఓడల మీదే ఉంచారు. అతను వెనక్కి పోలేదు, కోర్టుకెక్కాడు. 1898లో సుప్రీంకోర్టులో ఆరుగురు జడ్జీలు అతని పక్షాన, ఇద్దరు ఎదురుగా తీర్పు చెప్పారు. 2025 జనవరి 20న, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే ఇకపై పుట్టే పిల్లలు పౌరులు కారని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది కదా. మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షన్ పడ్డారో నీకు గుర్తుండే ఉంటుంది. మూడు రోజులకే సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి దాన్ని ఆపారు. ఆ ఉత్తర్వు మీద కోర్టుకెళ్లినవాళ్లు గట్టిగా పట్టుకున్నది ఈ వంటవాడి కేసునే.

అలాగని కోర్టులు ఎప్పుడూ మనవైపే ఉన్నాయనుకోకు. భగత్‌సింగ్ థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అయినా తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని 1923లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అప్పటికే పౌరులైన కొందరు భారతీయుల పౌరసత్వం కూడా రద్దు చేశారు. 1946లో చట్టం మారాకే మనవాళ్లకి ఆ దారి తెరుచుకుంది.

ఇక సభ సంగతి. మాట్లాడే హక్కుని, సభలు పెట్టుకునే హక్కుని కాపాడే మొదటి సవరణ గురించి స్కూల్లో చదువుకునే ఉంటావు, నేను చెప్పేది కొందరు పిల్లల కథ. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో వెస్ట్ వర్జీనియాలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబాల పిల్లలు స్కూల్లో జెండాకి వందనం చేయబోమన్నారు. అది తమ మతానికి విరుద్ధమన్నారు. స్కూలు నుంచి పంపేశారు. ఇలాంటి కేసులోనే మూడేళ్ల ముందు సుప్రీంకోర్టు పిల్లలకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. దేశమంతా యుద్ధావేశంలో ఉంది. అయినా 1943 జూన్ 14న, సరిగ్గా జెండా దినోత్సవం రోజున, అదే కోర్టు మాట మార్చుకుంది. మనిషి నమ్మని మాటని ప్రభుత్వం అతని నోట బలవంతంగా పలికించకూడదంది.

ఆ తీర్పు కేరళ దాకా వెళ్లింది తెలుసా? 1985లో అక్కడ ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడ్డారు గానీ పాడలేదు. స్కూలు నుంచి తీసేశారు. మరుసటి ఏడాది భారత సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. అందులో ఆయన వెస్ట్ వర్జీనియా కేసును ప్రస్తావించారు. ఈ సంగతి తెలిసినరోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

కాబట్టి వెళ్లు. కానీ కొన్ని తెలుసుకుని వెళ్లు. ఈ హక్కులు నిన్ను ప్రభుత్వం నుంచి కాపాడతాయి, ప్రైవేటు కంపెనీ నుంచి కాదు. నీది స్టేట్ యూనివర్సిటీ కాబట్టి మొదటి సవరణకి అది కట్టుబడాలి, అయితే సభ ఎక్కడ, ఏ వేళలో జరగాలో నిబంధనలు పెట్టవచ్చు. వాటిని చదువు. పోలీసులు ఆపితే వాదించకు, చేతులు కనిపించేలా ఉంచి "నేను వెళ్లవచ్చా?" అని అడుగు. మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నానని నోటితో చెప్పాలి, 2013లో ఒక కేసులో ఊరికే నోరు మూసుకుని కూర్చున్నందుకే ఆ రక్షణ దక్కలేదు. అరెస్టయినా సరే, వారెంట్ లేకుండా ఫోన్లో వెతకడం మామూలుగా కుదరదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫోన్ తెరిచి నీ అంతట నువ్వే ఇవ్వకు.

ఇంకోటి. మీ రూమ్మేట్ ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉంది. మాట్లాడే హక్కు తనకీ ఉంది, కానీ 2025లో నిరసనల్లో పాల్గొన్న విద్యార్థుల వీసాలు రద్దు చేయడం చూశాం. రమ్మని బలవంతపెట్టకు, రాకపోతే పిరికిది అనుకోకు.

నీకు పద్దెనిమిదేళ్లు నిండాయి, ఓటరుగా నమోదు కావాలి. 1971లో 26వ సవరణ వచ్చేదాకా చాలా రాష్ట్రాల్లో ఇరవై ఒకటి నిండితేగానీ ఓటు లేదు, పద్దెనిమిదేళ్లకే వియత్నాం యుద్ధానికి మాత్రం పంపారు. మన ఇంటి అడ్రస్‌తోనైనా, కాలేజీ అడ్రస్‌తోనైనా నమోదు చేసుకోవచ్చు, రెండుచోట్లా ఓటు వేయకూడదు. ఏది కావాలో చెప్పు, ఈ ఆదివారం ఫోన్లో కూర్చుని ఫారం నింపుదాం. పిన్నితో నేను మాట్లాడతాను.

ప్రేమతో,
అమ్మ