బడ్జెట్ వార్తల్లో బాణాలు కూడా గీయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం ఈ పేజీలోనే ఒక పాఠకుడు వీడియో గేములు పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాయని రాశారు. ఆయన బాధ అర్థమైంది. మా ఇంట్లో మాత్రం వ్యవహారం తిరగబడింది. నాకు 67 ఏళ్లు. ఆర్టీసీలో 33 ఏళ్లు పనిచేసి 2016లో రిటైరయ్యాను. కండక్టరుగా చేరి, డిపో ట్రాఫిక్ సెక్షన్లో, ఆఖర్న బస్టాండులో కంట్రోలర్‌గా చేశాను. మొన్న సెలవుల్లో మా అమ్మాయి కొడుకు తన పాత లాప్‌టాప్ ఇక్కడ వదిలేసి వెళ్లాడు. అందులో ఒక గేము ఉంది. ఇప్పుడు రాత్రి పదకొండైనా దాని ముందు నుంచి లేవడం లేదని మా ఆవిడ మా అమ్మాయికి ఫోన్లో ఫిర్యాదు చేస్తోంది. పిల్లవాణ్ని తిట్టాల్సిన తిట్లన్నీ నాకే పడుతున్నాయి.

గేము పేరు డెమోక్రసీ 3. 2013లో వచ్చింది. బ్రిటన్‌లో క్లిఫ్ హారిస్ అనే ఆయన నడిపే చిన్న కంపెనీ తయారుచేసింది. తుపాకులు, పందేలు ఏమీ ఉండవు. ఒక దేశాన్ని ఎంచుకుంటే మనమే ప్రభుత్వాధినేతలం. తెర నిండా గుండ్రటి బొమ్మలు. ఒకటి పెట్రోల్ పన్ను, ఒకటి పింఛన్లు, ఒకటి పోలీసులు, ఇంకొకటి నిరుద్యోగం. ఏ బొమ్మ మీద వేలు పెట్టినా దాని నుంచి బాణాలు బయల్దేరతాయి. పచ్చవి మేలు చేసేవి, ఎర్రవి కీడు చేసేవి. మధ్యలో ఓటర్ల గుంపులు: రైతులు, కార్లున్నవాళ్లు, బస్సులు రైళ్లెక్కేవాళ్లు, ముసలివాళ్లు, డబ్బున్నవాళ్లు, మతం పట్టింపు ఉన్నవాళ్లు. ఒకే మనిషి మూడు నాలుగు గుంపుల్లో ఉంటాడు. మనం ఒక వంతు ఆడితే మూడు నెలలు గడుస్తాయి.

ఆర్టీసీ మనిషికి ఇలాంటిది చేతికిస్తే ఏం చేస్తాడో మీరే ఊహించుకోండి. బ్రిటన్ తీసుకున్నాను. మొదటి వంతులోనే పెట్రోల్ మీద పన్ను పెంచి, వచ్చిన డబ్బంతా బస్సుల సబ్సిడీకి పెట్టాను. కార్లున్నవాళ్లు మండిపడ్డారు. అది నాకు ముందే తెలుసు. ఒక మంత్రి వాళ్ల వైపు మనిషి, అలిగి రాజీనామా ఇచ్చాడు. పోతే పోనీ అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి రోడ్ల మీద కార్లు తగ్గాయి, గాలి బాగుపడింది, బస్సులెక్కే జనం పెరిగారు. మా ఆవిణ్ని పిలిచి చూపించాను. చూసి, "మీ డిపోలో ఉన్నప్పుడు చేయాల్సింది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రెండో ఏడాదిలో ఖజానా తగ్గడం మొదలైంది. ఎందుకో ఎంతసేపటికీ అర్థం కాలేదు. పన్ను శాతం నేను తగ్గించలేదు. చివరికి పెట్రోల్ పన్ను బొమ్మ మీదే వేలుపెట్టి చూస్తే విషయం బయటపడింది. కార్లు తగ్గితే పెట్రోల్ అమ్మకం తగ్గుతుంది, అమ్మకం తగ్గితే పన్ను రాబడి తగ్గుతుంది. జనం బస్సులెక్కాలని వేసిన పన్ను, జనం నిజంగానే బస్సులెక్కేసరికి ఆరిపోయింది. ఆ పన్ను మీద నడుస్తున్న బస్సులు మాత్రం అలాగే ఉన్నాయి, పైగా పెరిగాయి. పోనీ సబ్సిడీ తగ్గిద్దామంటే, మొదట్లో పిడికెడు మంది ఉన్న బస్సు ప్రయాణికుల గుంపు ఇప్పుడు పెద్దదైపోయింది. వాళ్లను పెంచిందీ నేనే. వాళ్లకు కోపం తెప్పిస్తే గెలవను. అప్పు చేశాను. దేశం పరపతి రేటింగు పడిపోయింది, వడ్డీ పెరిగింది. ఎన్నికల్లో ఓడిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఓడినందుకు కాదు. ఎక్కడ తప్పు చేశానో వెతికితే తప్పు దొరకలేదు. ప్రతి వంతులోనూ ఆ రోజుకు సరైనదే చేశాను. దెబ్బ మాత్రం నేను చూడని పక్క నుంచి వచ్చింది, అదీ రెండేళ్లు ఆలస్యంగా.

మనవడు తన ఆట సంగతి చెప్పాడు. వాడు నేరాలు తగ్గించాడు, పేదరికం దాదాపు లేకుండా చేశాడు, ఓటర్లలో ఎక్కువమంది వాడి వైపే. అయినా ఒక రోజు ఆట ఆగిపోయింది. వాడు పట్టించుకోని ఒక చిన్న గుంపులో కోపం పెరిగి పెరిగి, వాళ్లలోని తీవ్రవాదులు వాణ్ని చంపేశారట. "అంతమందికి నచ్చాను తాతయ్యా, ఆ కొద్దిమందిని చూడలేదు" అన్నాడు నవ్వుతూ.

ఇంకో కథ కూడా వాడే చెప్పాడు, గాంధీగారి అణుబాంబు కథ. సివిలైజేషన్ అనే పాత గేములో గాంధీగారి దేశం ప్రజాస్వామ్యానికి మారగానే, దూకుడు అంకె ఒకటి నుంచి రెండు తగ్గబోయి, ఆ లెక్క సున్నా కిందికి పోలేక గిర్రున తిరిగి 255కి ఎగబాకిందనీ, దాంతో ఆయన అందరి మీదా బాంబులు వేశారనీ ఆ కథ. చాలా ఏళ్లు అందరూ నమ్మారు. ఆ గేము తయారుచేసిన సిడ్ మేయరే అలాంటి పొరపాటేమీ లేదని 2020లో కొట్టిపారేశారు. మనకు ఆ కథ ఎందుకంత నచ్చిందో నాకు తెలుసు. ఊహించనిది జరిగితే ఎవడో లెక్క తప్పాడని చెప్పుకోవడం సుఖం. నా పెట్రోల్ పన్నులో ఎవరూ లెక్క తప్పలేదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం గేము ఒక్కటే అయితే మీ విలువైన స్థలం అడిగేవాణ్ని కాదు. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఒక పల్లె వెలుగు బస్సు.

ట్రాఫిక్ సెక్షన్లో ఉన్నప్పుడు, మా డిపో నుంచి వెళ్లి రాత్రికి పల్లెలోనే ఆగే ఒక నైట్ హాల్ట్ సర్వీసు పొద్దున ఏడుంబావుకు ఆ ఊళ్లో బయల్దేరేది. రైలు అందడం లేదని పాలవాళ్లు, కూరగాయలవాళ్లు అర్జీ పెట్టుకున్నారు. అర్జీ న్యాయమైనదే. నా సలహా మీదే దాన్ని అరగంట ముందుకు జరిపారు. పాలవాళ్లు స్వీట్లు తెచ్చారు. ఆ ట్రిప్పు ఈపీకే కూడా పెరిగింది. మా భాషలో ఈపీకే అంటే కిలోమీటరుకు వచ్చే రాబడి. కాగితం మీద అన్నీ పచ్చ బాణాలే. రెండేళ్ల తర్వాత ఆ రూటు కండక్టరు టీ తాగుతూ మాటల్లో అన్నాడు: ఆ ఊరి నుంచి డిగ్రీ కాలేజీకి వచ్చే ఆడపిల్లలు ఇప్పుడు రావడం లేదని. చలికాలంలో చీకట్లో బయల్దేరాలి, ఇక్కడికొచ్చి కాలేజీ తెరిచేదాకా గంటన్నర బస్టాండులో కూర్చోవాలి. ఇద్దరు ముగ్గుర్ని ఇంట్లోవాళ్లు మాన్పించేశారు. ఒక అమ్మాయికి పెళ్లి కూడా చేసేశారట. నా దగ్గరికి ఎవరూ అర్జీ తేలేదు. ఇలాంటి వాటికి అర్జీ ఎవరు తెస్తారు? టైమింగు మళ్లీ మార్పించాను. మానేసిన పిల్లలు తిరిగి రాలేదు.

ఇప్పుడు బస్సుల విషయానికే వద్దాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. నేను దానికి వ్యతిరేకిని కాను, ముందే చెబుతున్నాను. మా ఆవిడ ఈ రెండేళ్లలో చూసినన్ని పుట్టిళ్లు, పెళ్లిళ్లు అంతకు ముందు ఇరవై ఏళ్లలో చూడలేదు. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటూ ఆవిడ ముఖంలో కనపడే దర్జా వేరు. అయితే బస్సు నిండితే ఆటో ఖాళీ అవుతుంది. నెల తిరక్కుండానే ఆటోవాళ్లు రాబడి పడిపోయిందని రోడ్డెక్కారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న అదే పథకం వచ్చింది. అక్టోబరులో అక్కడి ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు తలా 15 వేలు ఇచ్చింది. అంటే మొదటి బొమ్మ కదిపినందుకు రెండో బొమ్మ కదపాల్సి వచ్చింది. దాన్నుంచి మళ్లీ బాణాలు బయల్దేరతాయి. నేను అప్పు చేసి చూశాను కాబట్టి ఆ వరస తెలుసు.

గేమునే నమ్మమని నేను అనడం లేదు. నా ఆటలో సొంత పని చేసుకునేవాళ్లని ఒక గుంపు ఉంది గానీ ఆటోవాళ్లంటూ ఎవరూ లేరు. ఆ బాణాలు గీసినాయన బ్రిటన్‌లో కూర్చుని గీశాడు, ఖమ్మం ఆటో స్టాండు ఆయనకేం తెలుసు. ఈ చిక్కు కొత్తది కూడా కాదు. అమెరికాలో ఎంఐటీ ఆచార్యుడు జే ఫారెస్టర్, బోస్టన్ మాజీ మేయర్ జాన్ కాలిన్స్‌తో మాట్లాడుతూ, నగరాలు ఎలా పెరుగుతాయో ఎలా పాడవుతాయో కంప్యూటర్ మీద ఒక నమూనా కట్టి 1969లో ప్రచురించారు. పేదలకు చవక ఇళ్లు కట్టిస్తే నగరం ఇంకా దిగజారుతుందని ఆ నమూనా తేల్చింది. పెద్ద గొడవైంది. నగరం చుట్టూ ఉన్న శివార్లే ఆ లెక్కలో లేవు కదా అని విమర్శకులు అడిగారు. లెక్కలో పెట్టనిది జవాబులో ఎలా వస్తుంది? ఆ నమూనా గురించి చదివాకే విల్ రైట్ అనే ఆయన 1989లో సిమ్‌సిటీ గేము చేశాడు. లక్షల మంది పిల్లలు మేయర్లయిపోయి పన్నులు వేసి నేర్చుకున్నది కొంతవరకు ఆ లెక్కే.

సుజెరైన్ అని 2020లో వచ్చిన ఇంకో గేము మనవడు ఎక్కించి పెట్టాడు. అది ఇంకా పచ్చి నిజం. సోర్డ్‌లాండ్ అనే లేని దేశం, 1954. మనం అధ్యక్షుడు ఆంటన్ రేన్. బొమ్మలు, బాణాలు ఏమీ చూపించరు. చదవడమే. ఎవరికో మాటిస్తాం, ఏదో కాగితం మీద సంతకం పెడతాం, భోజనాల బల్ల దగ్గర భార్యాపిల్లలతో ఏదో అంటాం, ముందుకు పోతాం. ఎంతో దూరం వెళ్లాక రాజ్యాంగ సవరణకు ఓట్లు కావాల్సిన రోజున, ఆ పాత మాటలన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి. మా డిపోలో యూనియన్ ఎన్నికలు చూసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. ఇంగ్లిషు చాలా ఉండటంతో నాకు మెల్లగా సాగుతోంది, సగంలో ఉన్నాను. ఎలా ముగుస్తుందో చెప్పొద్దని మనవడికి గట్టిగా చెప్పాను.

సంపాదకులు గారూ, నా మనవి ఇది. బడ్జెట్ మర్నాడు మీ పత్రికలో పెద్ద పెద్ద పెట్టెలు వేస్తారు: ఏ శాఖకు ఎన్ని కోట్లు, ఏ పథకానికి ఎంతమంది లబ్ధిదారులు. పక్కన ప్రతిపక్షం విమర్శ, దానికి మంత్రి జవాబు. నేను నలభై ఏళ్లుగా చదువుతున్నాను, అవన్నీ బొమ్మలే. బాణాలు ఒక్కసారి కూడా వేయలేదు. ఒక పథకం ప్రకటించినప్పుడు, దాని పక్కనే చిన్న పెట్టె వేయండి. దీనివల్ల ఎవరి సంఖ్య పెరుగుతుంది, ఎవరి గిరాకీ తగ్గుతుంది, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, పథకం బాగా నడిస్తే ఆ రాబడి పెరుగుతుందా తరుగుతుందా. ఫలితం ఎన్ని నెలలకు కనపడొచ్చో ఒక అంచనా. అది వేసిన తేదీ గుర్తుపెట్టుకుని ఏడాది, రెండేళ్లకు మళ్లీ అదే పెట్టె వేసి, ఏ బాణం నిజమైందో ఏది తప్పిందో చూపించండి. తప్పితే తప్పిందని రాయండి, ఎవరూ ఏమనుకోరు. మద్యం రాబడి మీద పథకాలు నడిపే విషయంలో ఈ పెట్టె ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. నా పెట్రోల్ పన్ను లాంటిదే అది. ఎన్టీ రామారావు గారు 1995 జనవరిలో మద్యనిషేధం పెట్టడం, రెండేళ్లకే 1997లో ఆయన తర్వాతి ప్రభుత్వం అది ఎత్తేయడం చూసిన తరం మాది.

ఒక్క షరతు. పెట్టె వేసేవాళ్లు హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని వేయొద్దు. అర్జీ పెట్టుకోనివాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఉచిత బస్సుల మీద మొదటి పెట్టె వేస్తానంటే, ఇక్కడి సమాచారం నేనే సేకరించి పంపుతాను. ఆటో స్టాండు మా ఇంటికి రెండు వీధుల అవతలే. సాయంత్రం నాలుగు తర్వాత అయితే అక్కడ అందరూ ఖాళీగానే దొరుకుతారు.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత కంట్రోలర్,
ఖమ్మం